ప్యాకెట్టుకు రెండు గింజలు

మా ఇంట్లో ప్రతి నెలా ఒకటో తారీఖున సరుకుల జాబితా రాసే అధికారం మా ఆవిడది. ఆ జాబితా అడుగున ఒకే ఒక్క పద్దు చేర్చే అధికారం మా అమ్మాయిది. కందిపప్పు, మినపగుళ్ళు, చింతపండు, ఇంగువ అంటూ మా ఆవిడ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుపోయిన కాగితానికి చిట్టచివర, ఎర్ర సిరాతో, "చాకోచిప్ బిస్కట్లు - ఆరు" అని వుంటుంది. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో ఛందస్సు చెప్పుకుంటున్న నాకు ఆ కాగితంలో ఒక అక్షరం దిద్దే అధికారం కూడా లేదు. దాన్ని పట్టుకుని కిరాణా కొట్టుకు వెళ్ళే అధికారం మాత్రం వున్నది.

మేముండేది హైదరాబాదులో, వెంగళరావు నగర్‌లో. 1973 నుంచి 1978 దాకా ముఖ్యమంత్రిగా వున్న జలగం వెంగళరావుగారి పేరుమీద వెలసిన కాలనీ ఇది. ఒక పక్క అమీర్‌పేట, ఇంకో పక్క యూసుఫ్‌గూడ, దాన్ని ఆనుకుని కృష్ణానగర్. సినిమాలో పెళ్ళి జరిగితే అక్షింతలు వేసేవాళ్ళూ, కొట్లాట జరిగితే పరుగెత్తేవాళ్ళూ చాలామంది ఆ కృష్ణానగర్ వాళ్ళే. ఫిలింనగర్ బంగళాలన్నీ కొండమీద వుంటే, వాటికి కావలసిన జనమంతా కొండకింద వుంటారన్నమాట. తెల్లవారుజామున పాలకోసం వెళితే టీ బడ్డీల దగ్గర షూటింగు వాను కోసం కాచుకుని నిలబడ్డ వాళ్ళు కనబడతారు. ఒక చేతిలో టీ, ఇంకో చేతిలో అయిదు రూపాయల బిస్కట్ ప్యాకెట్టు. అదే వాళ్ళ ఉదయపు ఫలహారం. కొంచెం డబ్బున్నవాడిది ఉస్మానియా బిస్కట్. చాకోచిప్ బిస్కట్టు చేతపట్టుకున్నవాడు మాత్రం, ఎవరో పెద్ద నటుడి పిల్లవాణ్ణి ఆడించే ఉద్యోగంలో వున్నాడని మా కిరాణా కొట్టాయన సిద్ధాంతం.

ఆ బిస్కట్టు గురించి వ్యాసం రాయవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. రాయించినవాడు మా తమ్ముడు.

2025 శ్రావణమాసంలో కూకట్‌పల్లిలో మా దూరపు బంధువుల ఇంట పెళ్ళి అయితే, ఊరినుంచి వాడొచ్చి మా ఇంట్లో దిగాడు. మాది ఏలూరు జిల్లా. పెదవేగి దాటి మెట్ట ప్రాంతానికి వెళితే కొబ్బరితోటలూ, పామాయిల్ తోటలూ కలిసిపోయి కనిపించే పల్లెల్లో మాదొకటి. నాన్నగారు పోయిన తర్వాత నేను వ్యాకరణం పంచుకున్నాను, వాడు వ్యవసాయం పంచుకున్నాడు. అయిదెకరాల కొబ్బరిలో పదిహేనేళ్ళ నాడే వాడు కోకో మొక్కలు నాటాడు.

సాయంత్రం మా అమ్మాయి బడినుంచి వచ్చి, బాబాయి పక్కన చేరి, ప్యాకెట్టు విప్పింది. మర్యాదకు ఒకటి వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని తినలేదు. ఇటూ అటూ తిప్పి చూసి, పైనున్న నల్లటి చుక్కల్ని బొటనవేలితో తడిమి, "అన్నయ్యా, ఇందులో మన గింజ ఎంత వుంటుంది?" అన్నాడు.

మామూలు ప్రశ్నే. కాని నా గొంతులో టీ అడ్డుపడింది. ఎందుకో తర్వాత చెబుతాను.

మా అమ్మాయి ఏడో తరగతి. వాళ్ళ సైన్సు టీచరుగారు "ఏదీ నమ్మకండి, కొలిచి చూడండి" అని నూరిపోశారట. అంచేత ఆ ప్రశ్నకు జవాబు తాను చెబుతానని బయలుదేరింది. జామెట్రీ పెట్టెలోని డివైడరు తెచ్చింది. మా ఆవిడ కేకులు చేద్దామని మోజుపడి కొని, రెండుసార్లు వాడి, అటక ఎక్కించిన చిన్న తూకం యంత్రం దింపించింది. ముగ్గురమూ భోజనాల బల్ల చుట్టూ కూర్చుని, ఒక పూర్తి ప్యాకెట్టులోని బిస్కట్లనుంచి నల్లచుక్కలన్నీ ఏరే కార్యక్రమం మొదలుపెట్టాం. దంతవైద్యుడి పనిలా సాగింది. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "ఏమండీ, పిల్లంటే పిల్ల, మీకేమొచ్చింది?" అని మాత్రం అన్నది.

ఏరుతూ ఏరుతూ, ఈ బిస్కట్టు పుట్టుక కథ చెప్పమని అడిగింది అమ్మాయి. మాటల పుట్టుక చెప్పేవాడికి బిస్కట్ల పుట్టుక కూడా తెలిసి వుంటుందని దాని నమ్మకం. కొంత తెలుసును లెండి.

లాటిన్‌లో రెండుసార్లు కాల్చినది అనే మాటలోంచి బిస్కట్ వచ్చింది. ఓడల మీద నెలల తరబడి నిలవ వుండటానికి రెండేసిసార్లు కాల్చి ఎండబెట్టేవారు. డచ్చివాళ్ళ భాషలో చిన్న కేకు అనే మాట అమెరికాలో కుకీ అయింది. మా నాయనమ్మకు ఈ రెండు మర్యాదలూ తెలియవు. ఆవిడకు అన్నీ "బిస్కోత్తులే". ఇక చాక్లెట్ ముక్కల బిస్కట్టుకు మూలపుటమ్మ అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని రూత్ వేక్‌ఫీల్డ్. ఆవిడా, భర్తా కలిసి 1930లో విట్మన్ అనే ఊళ్ళో టోల్‌హౌస్ అనే పూటకూళ్ళ సత్రం పెట్టారు. అందరూ చెప్పే కథేమిటంటే, ఆవిడకు ఒకరోజు వంట చాక్లెట్ అయిపోయి, చేతికందిన చాక్లెట్ కడ్డీ విరిచి పిండిలో వేసిందట, అది కరిగిపోతుందనుకుంటే కరగలేదట, అదృష్టం కొద్దీ కొత్త బిస్కట్ పుట్టిందట.

నేనైతే ఈ కథ నమ్మను. ఆవిడ గృహవిజ్ఞానం చదివి, పాఠాలు చెప్పి, ఆహారశాస్త్రం ఎరిగిన మనిషి. సత్రం వంటకాల మీద పుస్తకం రాసి అచ్చువేయించిన మనిషి. 1938 నాటి కూర్పులో ఈ బిస్కట్టు తయారీ వుంది. అటువంటి ఆవిడకు చాక్లెట్ కరుగుతుందో కరగదో తెలియదనడం, మా కాలేజీలో సంస్కృతం మాస్టారికి విసర్గ ఎక్కడ పెట్టాలో తెలియదనడంలాంటిది. ఆడవాళ్ళు బుర్ర వుపయోగించి కనిపెట్టినవన్నీ పొరపాటున దొరికినట్టు చెప్పుకోవడం లోకానికి అలవాటు. మరుసటి ఏడాది, 1939లో, నెస్లే కంపెనీ ఆ వంటకం హక్కు పుచ్చుకుని తన చాక్లెట్ పొట్లాల మీద అచ్చువేసుకున్నది. అందుకు ప్రతిఫలం ఒక్క డాలరూ, జీవితాంతం సరిపడా చాక్లెట్టూ అని చెబుతారు. ఆ సత్రం 1984 డిసెంబరు 31 రాత్రి అగ్నిప్రమాదంలో కాలిపోయింది. బిస్కట్టు మాత్రం 1997లో మసాచుసెట్స్‌కు రాష్ట్ర కుకీ అయింది. మనకు రాష్ట్ర పక్షీ, రాష్ట్ర వృక్షమూ వున్నట్టే వాళ్ళకు రాష్ట్ర బిస్కట్టు! ఆ లెక్కన మన హైదరాబాదుకు ఏ బిస్కట్టు ఇవ్వాలన్నదానిమీద ఉస్మానియా పక్షానికీ, 1953లో మొదలైన కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కట్ పక్షానికీ మా స్టాఫురూములో ఒక మధ్యాహ్నమంతా వాదం నడిచింది. తీర్పు వాయిదా పడింది.

అమెరికాలో నబిస్కో కంపెనీ 1963లో చిప్స్ అహాయ్ అనే పేరుతో వీటిని పొట్లాల్లోకి ఎక్కించింది. మన దేశంలో పార్లేవారి హైడ్ అండ్ సీక్ 1996లో వచ్చింది. నేను కాలేజీలో చేరిన రోజుల్లో మా హాస్టలులో ఆ ప్యాకెట్టు దాచుకోవడం ఒక విద్య, కనిపెట్టడం ఇంకో విద్య. పేరుకు తగ్గ బిస్కట్టే. ఆ తర్వాత ఎన్నో కంపెనీలు వచ్చాయి. మా అమ్మాయి అభిమానించేది వాటిలో ఏదన్నది ఇక్కడ అప్రస్తుతం. అప్రతిష్ఠ ఒక్కరికే అంటగట్టడం భావ్యం కాదు.

ఈలోగా ఏరడం అయిపోయింది. ప్యాకెట్టు మొత్తానికి నల్లచుక్కలు పన్నెండు గ్రాములు తూగాయి. ప్యాకెట్టు వెనక చీమ అక్షరాల్లో వున్న పదార్థాల పట్టీని అమ్మాయి భూతద్దం పెట్టి చదివింది. మైదా, పంచదార, పామాయిల్, తర్వాత చాకోచిప్స్. ఆ చాకోచిప్స్ ఎదురుగా కుండలీకరణంలో మళ్ళీ పంచదార, వనస్పతి కొవ్వు, ఆ తర్వాత కోకో.

"నాన్నా, చాక్లెట్ అని రాయలేదేం? చాకో అని రాశాడేం?" అన్నది.

నా బిడ్డ అనిపించుకుంది. పదంలో ఒక అక్షరం రాలిపోతే దాని వెనక ఏదో కారణం వుంటుందని నేను క్లాసులో చెప్పేదదే. ఇక్కడ కారణం వ్యాకరణం కాదు, చట్టం. మనదేశపు ఆహార ప్రమాణాల ప్రకారం చాక్లెట్ అని పిలిపించుకోవాలంటే అందులో కోకో వెన్న వుండాలి. ఇతర కొవ్వులు కలిపితే నూటికి అయిదు పాళ్ళు మించరాదు. మించితే అది చాక్లెట్ కాదు. అప్పుడు పేరులో తోక కత్తిరించి 'చాకో' అంటారు. తోక తెగినా పిల్లలు గుర్తుపట్టగలరు గదా!

దీనికి కంపెనీవాళ్ళవైపు నుంచి కూడా ఒక న్యాయం వున్నది. కోకో గింజలో సగంపైగా కొవ్వే. ఆ కోకో వెన్న మన శరీరపు వేడికన్నా కాస్త తక్కువలో, 34 డిగ్రీల దగ్గర, కరుగుతుంది. నోట్లో వేసుకోగానే చాక్లెట్ కరిగిపోవడంలోని రహస్యం అదే. కాని మే నెలలో మా కిరాణా కొట్టులో, రేకుల కప్పు కింద, 42 డిగ్రీల ఎండలో అదే గుణం అవగుణమవుతుంది. అసలు చాక్లెట్ చుక్కలైతే ప్యాకెట్టులోనే కరిగి, చల్లబడి, తెల్లటి పొడ తేలి బూజు పట్టినట్టు కనబడతాయి. పామాయిల్ గింజలనుంచి తీసే కొవ్వులాంటివి కలిపితే ఆ బెడద తగ్గుతుంది. ధరా తగ్గుతుంది. ఏది ముందు కారణమో, ఏది వెనక కారణమో కంపెనీవారి అంతరాత్మకే తెలియాలి.

ఇక లెక్క. పన్నెండు గ్రాముల చుక్కల్లో పంచదారా, కొవ్వూ తీసేస్తే కోకో రెండు గ్రాములుంటే గొప్పే. బాగా ఎండిన కోకో గింజ ఒక్కొక్కటి సుమారు ఒక గ్రాము. పొట్టూ గిట్టూ పోయేది కలుపుకున్నా రెండు, మహా అయితే మూడు.

"ప్యాకెట్టుకు రెండు గింజలు, బాబాయ్!" అని ప్రకటించింది అమ్మాయి.

మా తమ్ముడు తలాడించాడు. "కిలోకు వెయ్యి గింజలు. అంటే అయిదువందల ప్యాకెట్లు," అన్నాడు మెల్లిగా. వాడి లెక్క అక్కడ ఆగలేదని నాకు తెలుసు. నా లెక్కా ఆగలేదు.

అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి.

కోకో గింజ ఎక్కడో ఆఫ్రికాలో పుడుతుందని చాలామంది అనుకుంటారు. ప్రపంచపు పంటలో సగానికి పైగా ఐవరీకోస్ట్, ఘనా దేశాలవే, నిజమే. కాని మనదేశంలో కోకో పండించడంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. అందులోనూ ప్రధానంగా మా పాత పశ్చిమగోదావరిది. ఇప్పుడది ఏలూరు జిల్లా అయింది. కోకోకు నీడ కావాలి. కొబ్బరి చెట్టుకు కింద చోటు ఖాళీ. అంచేత ఇద్దరికీ సంబంధం కుదిరింది. కొబ్బరితోటలోకి మిట్టమధ్యాహ్నం అడుగుపెట్టినా కోకో కొమ్మల కింద చీకటిగా, చల్లగా వుంటుంది. ఎండుటాకులు పాదం మునిగేటంత పరుచుకుని వుంటాయి. ఎరగనివాళ్ళు చూస్తే మొదట నవ్వొస్తుంది. కాయలు కొమ్మల చివర కాకుండా మొదలుకే, పనసకాయల్లా, చెట్టు మొండెం మీదనుంచి మొలుచుకొస్తాయి. ఆకుపచ్చగా వున్న కాయ పండితే పసుపు రంగు తిరుగుతుంది.

కాయ పగలగొడితే సీతాఫలం లోపలి గుజ్జులాంటి తెల్లటి గుజ్జులో ముప్పై నలభై గింజలు. ఆ గుజ్జు పుల్లపుల్లగా, తియ్యతియ్యగా వుంటుంది. మా తోటలో పిల్లలు గుజ్జు చప్పరించి గింజలు తట్టలోకి వూసేవాళ్ళు, మా మరదలు చూడనప్పుడు. ఈ పచ్చిగింజకు చాక్లెట్ వాసన వుండదు. కొరికితే చేదు. ఆ గింజల్ని తట్టల్లోనో, చెక్కపెట్టెల్లోనో కుప్పపోసి, అరిటాకులు కప్పి, ఆరేడు రోజులు పులియబెడతారు. రెండురోజులకొకసారి తిరగెయ్యాలి. చెయ్యి పెడితే చురుక్కుమనేటంత వేడెక్కుతుంది కుప్ప. మొదట కల్లు వాసన, తర్వాత పులిసిన వాసన. ఆ వేడికి గింజలోని మొలక చచ్చి, రంగు మారి, చాక్లెట్‌కు కావలసిన రుచికి బీజం పడేది అక్కడే. తర్వాత వారంరోజుల ఎండ. ఈ రెంటిలో దేన్ని తొందరపెట్టినా గింజ పాడు. పులిసీ పులియని గింజ, ఆరీ ఆరని గింజ, అవతల ఎంత గొప్ప యంత్రంలో పడినా బాగుపడదు. మా క్లాసుల్లో కొందరు విద్యార్థుల్ని చూసినప్పుడల్లా నాకీ గింజలే గుర్తొస్తాయి. (తొందరపెట్టింది మేమే కావచ్చు, ఆ మాట వేరు.)

2023లోనూ 2024లోనూ పశ్చిమ ఆఫ్రికాలో వానలు గతితప్పి, చెట్లకు వైరస్ తెగులు ముదిరి, పంట దెబ్బతిన్నది. న్యూయార్కు సంతలో కోకో ధర 2024 మార్చిలో మొట్టమొదటిసారి టన్నుకు పదివేల డాలర్లు దాటింది. ఆ గాలి మా తోటలదాకా వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు కిలోకు రెండువందల చిల్లర చూసినవాళ్ళు 2024 వేసవిలో వెయ్యి రూపాయలు చూశారు! మా తమ్ముడు ఇంటికి పైకప్పు వేయించాడు. మరదలికి రెండు గాజులు కొన్నాడు. ఎన్నడూ లేనిది, కోకో రైతు కాలరెత్తుకుని తిరిగాడని మా ఊళ్ళో చెప్పుకున్నారు.

2025 సంక్రాంతికి నేను ఊరెళ్ళాను. శీతకాలపు కోత తాలూకు గింజలు నాలుగు క్వింటాళ్ళు వాడి దగ్గర బస్తాల్లో వున్నాయి. ధర నిరుటి వేసవిమీద తగ్గింది. అయినా మంచి ధరే. వాడు నన్నడిగాడు: "అన్నయ్యా, ఇప్పుడిచ్చెయ్యమంటావా? వేసవిదాకా ఆగమంటావా? నువ్వు పేపర్లు చదువుతావు గదా."

నేను పేపర్లు చదివాను. అప్పటికి నెలరోజుల క్రితమే, 2024 డిసెంబరులో, న్యూయార్కు ధర పన్నెండువేల డాలర్లు దాటింది. అది చదివిన మహాజ్ఞానిని నేను. అరుగుమీద కూర్చుని, అరిసె కొరుకుతూ, ప్రపంచ వాణిజ్యంమీద ఉపన్యాసం ఇచ్చాను. "ఆగు" అన్నాను.

ఆగాడు. వేసవి వచ్చేసరికి సంతలో ధర జారిపోతున్నది. కొనే కంపెనీ తాలూకు మనుషులు మొదట ధర తగ్గించారు, తర్వాత గింజలో నాణ్యత లేదన్నారు, ఆ తర్వాత గోడౌన్లో చోటు లేదన్నారు. నిలవవున్న బస్తాల్లో పురుగు కనిపించింది. రైతులు రోడ్డెక్కారు, ఏలూరులో ధర్నాలు చేశారు. చివరికి 2025 జూన్‌లో ప్రభుత్వం జోక్యం చేసుకుని, కంపెనీలు కిలోకు 450 ఇచ్చేట్టూ, పైన 50 రూపాయలు తాను కలిపేట్టూ ఏర్పాటు చేసింది. మా తమ్ముడి నాలుగు క్వింటాళ్ళూ ఆ విధంగా, పురుగు పట్టినవి పోను, కదిలాయి. సంక్రాంతినాటి ధరతో పోలిస్తే ఎనభైవేలకు పైచిలుకు నష్టం.

వాడు ఒక్క మాట అనలేదు. అదే వచ్చిన చిక్కు. నన్ను నాలుగు మాటలంటే బాగుండును. "ఇందులో మన గింజ ఎంత వుంటుంది?" అని వాడడిగినప్పుడు నాకు టీ అడ్డుపడటానికి కారణం ఇదన్నమాట.

ఆ రాత్రి అమ్మాయి పడుకున్నాక నేనే కదిపాను. "ఆ వేళ నా మాట విని నువ్వు దెబ్బతిన్నావురా" అన్నాను. వాడు చాపమీద వెల్లకిలా పడుకుని పంకావైపు చూస్తూ, "నువ్వు చెప్పకపోయినా ఆగేవాణ్ణే అన్నయ్యా. వెయ్యి చూసిన కళ్ళకు తక్కువ ఆనదు" అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజమే అన్నాడో నాకిప్పటికీ తెలియదు. తర్వాత కాసేపటికి, పక్క తోటల్లో కోకో నరికేస్తున్నారనీ, కొబ్బరి ఒక్కటే వుంచుకుంటున్నారనీ, కొందరు పామాయిల్ వేస్తున్నారనీ చెప్పాడు. తనకూ ఆ ఆలోచన వున్నదట. అడగడానికే వచ్చాడో ఏమో. కాని ఈసారి "ఏం చెయ్యమంటావు?" అని అడగలేదు.

నాకు నిద్రపట్టలేదు. అమ్మాయి వేసిన లెక్కనే పొడిగించి చూశాను. కిలో 500 అయితే గింజ అర్ధరూపాయి. ప్యాకెట్టులో రెండు గింజలు, ఒక రూపాయి. కిలో వెయ్యి అయితే రెండు రూపాయలు. అంటే ముప్పై రూపాయల ప్యాకెట్టులో, గింజ ధర ఆకాశాన్నంటినప్పుడు పెరిగిన భారం ఒక్క రూపాయి. కాని ఆ ఏడాదిలో మేం కొనే ప్యాకెట్టు ధర ముప్పైలోనే వుండి, బరువు నూటికి పదిపాళ్ళు తగ్గింది. అంటే మూడు రూపాయల సరుకు. గింజ ధర దిగిపోయాక ఆ బరువు తిరిగి రాలేదు. న్యాయంగా చెప్పాలంటే, మిగతా సరుకులూ పెరిగాయి. 2024 సెప్టెంబరులో పామాయిల్ దిగుమతి సుంకం బాగా పెంచారు. మైదా పెరిగింది. వాళ్ళ లెక్కలు వాళ్ళకుంటాయి. మా తమ్ముడి లెక్క మాత్రం వాళ్ళ లెక్కల్లో ఒక రూపాయి దగ్గర మొదలై ఒక రూపాయి దగ్గరే ఆగిపోతుంది.

ఇంకో తమాషా. మనదేశంలో పండే కోకో మన ఫ్యాక్టరీలకే చాలదు. ఓడల్లో తెప్పించుకుంటున్నాం. అయినా మా ఊరి బస్తాలకు గోడౌన్లో చోటు లేకపోయింది! గింజకు ఊరితో నిమిత్తం లేదు, న్యూయార్కుతోనే నిమిత్తం. అక్కడ చౌక అయితే ఇక్కడిది కూడా చౌక కావలసిందే. ఇక్కడ ఎరువు ధర న్యూయార్కు అడగదు.

మర్నాడు పెళ్ళి భోజనాలు అయ్యాక, తమ్ముణ్ణీ అమ్మాయినీ బంజారాహిల్స్ పన్నెండో నెంబరు రోడ్డుకు తీసుకువెళ్ళాను. అక్కడ 2023లో మనం చాక్లెట్ కార్ఖానా అని ఒకటి తెరిచారు. వాళ్ళు వాడే గింజ మా ప్రాంతంలోనిదే. మా ఊరికి ఎంతో దూరంలేని తడికలపూడిలో రైతుల దగ్గర కాయలో గింజ కొని, తామే పులియబెట్టి, ఎండబెట్టి తెస్తారు. 2024లో అమెరికావారి టైమ్ పత్రిక ప్రపంచంలో చూడదగ్గ గొప్ప ప్రదేశాల పట్టికలో దాన్ని చేర్చింది. కాలేజీ లెక్చరరు జీతంతో వెళ్ళదగ్గ చోటు అని చెప్పను. అయినా వెళ్ళాం.

అద్దాల వెనక తిరగళ్ళు తిరుగుతున్నాయి. గోధుమరంగు రసం ఎడతెగకుండా జాలువారుతున్నది. మా అమ్మాయి ముక్కు అద్దానికి ఆనించి నిలబడిపోయింది. తమ్ముడు యంత్రాల్ని చూడలేదు. ఒకచోట చూపడానికి పెట్టిన ఎండు గింజల దగ్గర ఆగి, ఒకటి తీసి, గోటితో చీల్చి, వాసన చూశాడు. లోపలి రంగు చూశాడు. "బాగా పులిసింది" అన్నాడు. నాతో కాదు, తనలో తాను. తర్వాత గోడమీద ఊళ్ళ పేర్లు రాసివుంటే, వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివాడు. సినిమా తెరమీద తన ఊరి చెరువు కనబడితే ఎట్లా చూస్తాడో అట్లా చూశాడు.

ఒక చిన్న పలక కొన్నాం. ధర చూసి వాడు, "ఇది ఎన్ని గింజలు?" అన్నాడు. అమ్మాయి వెనకవైపు చదివి, కోకో పాళ్ళు చూసి, గుణించి, "దగ్గర దగ్గర నలభై" అన్నది. ఒక కాయ అన్నమాట. వాడు ఒక ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. పదిహేనేళ్ళుగా కోకో పండిస్తున్న మా తమ్ముడు తన నేలలో పుట్టిన గింజతో చేసిన చాక్లెట్ తినడం అదే మొదలు. చేదుగా వున్నదని మొహం చిట్లించాడు. తర్వాత కాసేపు మాట్లాడలేదు. కారెక్కాక, "చివర్లో ఆ గుజ్జు పులుపు తగులుతోంది, గమనించావా?" అన్నాడు. నేను గమనించలేదు.

మా అమ్మాయి అయితే నిజాయితీగా చెప్పేసింది: "ఇది గొప్పది. కాని నాకు నా బిస్కట్టే ఇష్టం."

దానిమీద నేనేమీ అనలేదు. నలభై గింజల చాక్లెట్ నెలకు ఆరు కొనగలిగే సంసారాలు కొండమీద వుంటాయి. కొండకింద రెండు గింజల బిస్కట్టే నడుస్తుంది. టీ బడ్డీ దగ్గర వాను కోసం నిలబడ్డ మనిషికి ఆ రెండు గింజలు కూడా పండుగే. నాకు కావలసింది, ఆ రెండు గింజల్నయినా నిజం గింజలుగా వుంచి, వాటికిచ్చే రూపాయిని రూపాయిగా వుంచితే చాలు.

2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కట్ల మీదా, చాక్లెట్ల మీదా పన్ను నూటికి 18 నుంచి 5కు తగ్గింది. మా ప్యాకెట్టు ముప్పై కాస్తా ఇరవైయేడు అయింది. మా ఆవిడ జాబితా చూసుకుని, మిగిలిన పద్దెనిమిది రూపాయలకు ఇంకేం తేవచ్చో ఆలోచించకముందే, ఎర్ర సిరాతో ఆరు కొట్టేసి ఏడు వేసివుంది.

కార్తీకమాసంలో తమ్ముడు ఫోన్ చేశాడు. రెండెకరాల్లో చెట్లు ముదిరిపోయినవి తీసేశాడట. మిగతా మూడూ వుంచాడట. కొత్తగా టేకు చెక్కతో పులియబెట్టే పెట్టెలు చేయించాడట, అడుగున చిల్లులు వేయించి. తడికలపూడి వెళ్ళి అక్కడి పెట్టెలు కళ్ళారా చూసొచ్చి, అదే కొలతకు వడ్రంగికి చెప్పాడట. ధర ఎట్లా వుందని అడిగాను. న్యూయార్కులో ఇంకా దిగిందని వాడే చెప్పాడు. ఇప్పుడు వాడే పేపరు చదువుతున్నాడు.

"శీతకాలం కోత రాగానే అమ్మేస్తావా, ఆగుతావా?" అన్నాను.

అవతలనుంచి నవ్వు వినబడింది.

"అమ్మాయికి ఇయ్యి అన్నయ్యా ఫోను. దాన్నడుగుతాను."